మంచునది ఒడ్డున

(మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)

విదేశయాత్ర విశేషాలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను వక్తను కాను. ముప్పై నాలుగేళ్లు సబ్ ట్రెజరీలో బిల్లులు పరిశీలించినవాణ్ణి. చూసింది చూసినట్టు చెబుతాను. అబ్జెక్షన్లుంటే ఆఖర్న రాయండి.

2024 ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా న్యూజీలాండ్ వెళ్లాం. మా పెళ్లయి 45 ఏళ్లు కావస్తున్నదని మా అమ్మాయి డబ్బు కట్టింది. హైదరాబాదు నుంచి మొత్తం 22 మందిమి, అందులో సగానికి పైగా అరవై దాటినవాళ్లం. మనకు మాఘమాసమైతే వారికి వేసవి. వేసవి అన్నారు గదా అని స్వెట్టర్లు ఇంట్లో వదిలి వెళ్లకండి.

విమానం దిగగానే అక్కడ మొదట అడిగేది తినే వస్తువుల సంగతి. తెచ్చినవన్నీ ఫారంలో రాయాలి. దాచి పట్టుబడితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. మా ఆవిడ ఆవకాయ, కందిపొడి, మిరియాలతో సహా అన్నీ రాయించింది. అధికారి ప్యాకెట్లు తిప్పి చూసి, నవ్వి పంపేశాడు. ఈ ఫారం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ దేశంలో దక్షిణ ద్వీపానికి పడమటి తీరంలో ఒక భాగాన్ని గ్లేసియర్ కంట్రీ అంటారు. క్రైస్ట్‌చర్చ్‌లో రైలెక్కి కొండలు దాటి గ్రేమౌత్‌లో దిగాం. మధ్యలో ఓటిరా అనే సొరంగం ఉంది. ఎనిమిదిన్నర కిలోమీటర్లు, 1923లో తెరిచారు. అక్కడినుంచి బస్సు. ఒకపక్క సముద్రం, ఒకపక్క మంచుకొండలు, నడుమ మన చింతపల్లి అడవిని తలపించే దట్టమైన పచ్చదనం. సముద్రపు గాలి ఆ కొండలకు కొట్టుకుని కుండపోతగా కురుస్తుంది. అదే పైన మంచై పేరుకుని, తన బరువుకు తానే గట్టిపడి, నదిలా కిందికి జారుతుంది. దాన్నే మన పిల్లల పుస్తకాల్లో హిమానీనదం అన్నారు. నది అన్నమాట ఉత్తది కాదు. 1943లో అక్కడ ఫ్రాంజ్ జోసెఫ్ గ్లేసియర్ మీద ఒక చిన్న విమానం కూలింది. దాని శకలాలు సుమారు ఆరున్నరేళ్లలో మూడున్నర కిలోమీటర్లు దిగువకు కొట్టుకొచ్చాయట.

1865లో హాస్ట్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దానికి ఆస్ట్రియా చక్రవర్తి పేరు పెట్టాడు. అక్కడి మావోరీల పేరుకు వేరే కథ ఉంది. హీనె హుకతేరె అనే అమ్మాయికి కొండలెక్కడమంటే ప్రాణం. ప్రియుణ్ణి కూడా రమ్మని పట్టుబట్టి తీసుకెళ్లింది. హిమపాతం విరుచుకుపడి అతను పోయాడు. ఆమె కన్నీళ్లే గడ్డకట్టి ఈ మంచునది అయిందట. బస్సులో ఈ కథ విని మావాళ్లంతా నావైపూ మా ఆవిడవైపూ చూసి నవ్వారు. ఎందుకంటే కొండలెక్కే పిచ్చి మా ఇంట్లో ఆవిడదే. అరవై దాటాక రెండుసార్లు అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కింది. నేను రెండుసార్లూ బస్సులో వెళ్లి పైన ఎదురుచూశాను.

ఇక అసలు విషయం. ఆ ఊళ్లో పెద్ద ఆకర్షణ మంచు మీద నడక. పూర్వం లోయలోంచి నడిచి వెళ్లి మంచెక్కేవారు. మంచు కరిగి వెనక్కి పోవడం వల్ల ఆ దారి ప్రమాదమైంది. 2012 నుంచి హెలికాప్టరులో పైకి తీసుకెళ్లి దించుతున్నారు. బూట్లకు ఇనుప పళ్ల చట్రాలు కట్టి, గైడు వెంట రెండు మూడు గంటలు నడిపిస్తారు. ఇంకా సరస్సులో పడవలు తోసుకోవడం, నాలుగుచక్రాల మోటారు బళ్లు నడపడం, గొడుగు కట్టుకుని విమానంలోంచి దూకడం, అన్నీ ఉన్నాయి. దూకే సంగతి మా బృందంలో ఎవరూ ఎత్తలేదు.

ముందురోజు రాత్రి భోజనాల దగ్గర మా యాత్ర నడిపే కుర్రాడు ఫారాలు పంచాడు. గుండెజబ్బు ఉందా, ఈమధ్య ఆపరేషన్లు అయ్యాయా, మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఇలా చాలా ప్రశ్నలు. "అన్నింటికీ నో అని టిక్కు పెట్టి సంతకం చేసేయండి సార్, లేకపోతే గొడవ" అన్నాడు. పక్కాయన అప్పుడే పెట్టేశారు. ఆయన ఛాతీలో పేస్‌మేకరుందని రైల్లో ఆయనే చెప్పారు.

నాకు 2016లో స్టెంటు వేశారు. ఆ ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. నిజం చెబుతున్నాను, నో పెట్టాలనే అనిపించింది. అంతదూరం వెళ్లాం, డబ్బు కట్టాం. కాని నాకో పాత సంగతి గుర్తొచ్చింది. 1986లోనో 87లోనో, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు లైఫ్ సర్టిఫికెట్ పట్టుకొచ్చారు. ఒక కాలం ఖాళీగా ఉంది. గెజిటెడ్ అధికారి చేత రాయించుకు రమ్మని తిప్పి పంపాను. మండుటెండలో పద్దెనిమిది మైళ్లు బస్సులో వెళ్లి మర్నాడు వచ్చారు. అప్పుడు నేను రూలు ప్రకారమే చేశాను. ఇప్పుడైతే కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పక్క ఆఫీసులో సంతకం పెట్టించి ఉండేవాణ్ణి. అయినా ఒకాయన్ని ఖాళీ కాలానికి అంత తిప్పినవాణ్ణి, నా కాలంలో అబద్ధం ఎలా రాసేది? స్టెంటు అని, సంవత్సరంతో సహా రాశాను.

పొద్దున్నే కౌంటరు దగ్గర ఒక అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, నొప్పి వస్తుందా, ఏ మందులు వాడుతున్నారు అని నిదానంగా అడిగింది. చివరికి నడక వద్దంది. పైకి తీసుకెళ్లి మంచుమీద పది నిమిషాలు దించి తెచ్చే విమానయాత్ర ఉంది, దానికి మారుస్తానంది. మర్యాదగానే చెప్పింది కాని నా ముఖం చిన్నబోయింది. "సరే, ఇద్దరికీ మార్చండి" అన్నాను.

"నాకెందుకండీ మార్చడం? నాకేం స్టెంటు లేదుగా" అంది మా ఆవిడ.

నలభై అయిదేళ్లలో అలా నలుగురిలో నా మాటకు అడ్డం చెప్పడం అదే మొదలేమో. వయసు అరవై ఏడు, కొత్త చోటు, భాష అంతంతమాత్రం. నేను కోప్పడ్డాను. అది కోపం కాదనీ భయమనీ ఆవిడకు తెలుసు. అమ్మాయి ప్యాంటు, వాళ్లిచ్చిన కోటు వేసుకుని వచ్చి నిలబడింది. హెలికాప్టరు ఎక్కేముందు అందర్నీ తూకం వేస్తారు. ఎంతో ఇక్కడ చెప్పను, మూడో వరుసలో ఉంది.

మొదటిరోజు మబ్బు పట్టి ఒక్క హెలికాప్టరూ లేవలేదు. రెండోరోజు ఆకాశం అద్దంలా ఉంది. తొమ్మిదింటికి వెళ్లారు. నా విమానం పన్నెండున్నరకు. పదకొండు దాటాక కొండమీద మబ్బు మొదలైంది. పన్నెండుకు కొండే కనపడలేదు. రావలసిన హెలికాప్టరు రాలేదు. "మబ్బు విడవడం కోసం చూస్తున్నారు, గైడ్ల దగ్గర టెంటు, తిండి అన్నీ ఉన్నాయి, రేడియోలో మాట్లాడుతున్నాం" అన్నారు. నేను తల ఊపాను. జేబులో ఫారం నకలు ఉంది. అందులో ప్రాణాపాయం సంభవించవచ్చునన్న వాక్యం అయిదారుసార్లు చదివాను. ఉద్యోగంలో ఎన్ని ఫారాలు చదివినా, అందులో రాసింది మనిషికి జరుగుతుందని ఏనాడూ అనుకోలేదు. అలిపిరి మెట్ల పైన ఎదురుచూసినప్పుడు చేతిలో లడ్డూ ఉండేది. ఇక్కడ ఏమీ లేదు.

నలభై నిమిషాలకు చప్పుడు వినిపించింది. దిగి, బూట్లు విప్పుతూ, "కాఫీ దొరుకుతుందా?" అని అడిగింది. చెంపలు ఎర్రగా ఉన్నాయి. మంచు లోపల నీలంగా ఉంటుందట, ఇంకుబుడ్డి నీలం కాదు, గాజుపెంకు నీలం అంది. గట్టిపడ్డ మంచు ఎరుపు వెలుగును పీల్చుకుంటుంది గనుక అలా కనిపిస్తుందట. గైడు ముందు నడుస్తూ గొడ్డలితో మెట్లు చెక్కాడట. ఒక ఇరుకు పగులులోంచి పక్కకి తిరిగి దాటిందట. పేస్‌మేకరున్న పెద్దాయనా క్షేమంగా, మహా ఉత్సాహంగా దిగారు. ఆయనకేమీ కాలేదు, అదీ చెప్పాలి గదా.

నా విమానం రద్దయింది. డబ్బు తిరిగిచ్చారు. మర్నాడు మా బస్సు బయలుదేరింది. కనుక నేను మంచునదిని ఒడ్డునుంచి చూశానే గాని కాలు పెట్టలేదు. దారిలో మాథెసన్ సరస్సు దగ్గర మాత్రం పొద్దున్నే నడిచాను. నల్లటి నీళ్లలో అవొరాకి శిఖరం తలకిందులుగా కనిపించింది. ఎత్తు 3,724 మీటర్లు. 1991లో దాని నెత్తిన పెద్ద ముక్క విరిగిపడిందట. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీగారు ఈ కొండల్లోనే ఎక్కడం నేర్చారు. 1985 నుంచి 89 వరకు ఢిల్లీలో వారి దేశపు హైకమిషనరుగా ఉన్నది కూడా ఆయనే.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. ఆ దేశంలో ప్రమాదంలో దెబ్బ తగిలితే వైద్యానికి వారి ప్రభుత్వ పథకం పర్యాటకులకూ చాలావరకు సాయపడుతుంది. జబ్బు చేస్తే వర్తించదు, మన ఇన్సూరెన్సే దిక్కు. దానిలో పాత జబ్బులు దాచిపెడితే క్లెయిము తిరస్కరిస్తారు. బీపీ, షుగరు, స్టెంటు అన్నీ రాయించండి. ప్రీమియం పెరుగుతుంది, పెరగనివ్వండి. మందులు చేతిసంచీలోనే ఉంచుకోండి, డాక్టరు చీటీతో. గ్లేసియర్ దగ్గర మబ్బును నమ్మి ఒక్కరోజే కేటాయించకండి. ఇసుక ఈగలు కుడతాయి, పూత మందు కొనుక్కోండి.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఫొటోలు కవరులో ఉన్నాయి, ముందు వరుసనుంచి చూసి వెనక్కి అందించండి. కోటు వేసుకుని గొడ్డలి పట్టుకున్నది మా ఆవిడే. మంచు మీద ఎంతసేపు నడిచిందో ఆవిడనే అడగండి, నేను చెబితే తక్కువ చెప్పానంటుంది.