ప్రధానోపాధ్యాయుల అకాల విరమణము

 

విద్యార్థి వేతనములను గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఆ వేతనములందుకొను పిల్లల బడులలో ప్రధానోపాధ్యాయులు నిలుచుట లేదు గాన, మేమా సంగతియే చెప్పదలచితిమి.

ఇది మాకు పరుల కథ గాదు. మేమును గడువునకు మూడేండ్లు ముందుగనే తప్పుకొన్నవారము. ఇరువది యేండ్ల సేవ నిండినవాడు మూడు మాసముల ముందుగ నోటీసునిచ్చి స్వచ్ఛందముగ విరమింపవచ్చునని పింఛను నిబంధనలు చెప్పుచున్నవి. 2022 జనవరినుండి రాష్ట్రమున విరమణ వయస్సు 60 నుండి 62కు పెరిగినది. ప్రభుత్వము రెండేండ్లు కలిపినను, మాకవి వలదని కొందఱు వెడలుచున్నారు. మఱికొందఱు పదోన్నతియే వలదని వ్రాసియిచ్చి, లెక్కలు చెప్పుకొని బ్రతికెదమనుచున్నారు.

ఏల? బోధనమునందు విసుగా? కానేకాదు. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో ఈ పదవి సీనియారిటీనిబట్టి వచ్చును. చేతికందునప్పటికి పలువురకు ఏబదియేండ్లు దాటును. పాతికేండ్లు నల్లబల్లయొద్ద గడపినవానికి అప్పుడు జీతపు బిల్లులు, మధ్యాహ్న భోజనపు లెక్కలు, కోడిగ్రుడ్ల సంఖ్య మెడకు చుట్టుకొనును. 2022లో ముఖచిత్రముతో హాజరు వేయు యాప్ వచ్చినది. కొంతకాలము మరుగుదొడ్ల ఛాయాచిత్రములను సైతము తీసి పంపవలసి వచ్చెను. మా బడిలో గుమాస్తా లేడు. పదవ తరగతివారు పాఠమునకై వేచియుండగా, మేము సిగ్నలుకై మేడపై ఫోనెత్తి పట్టుకొని నిలుచుంటిమి. పిల్లలు క్రిందనుండి చూచి నవ్విరి. మేమును నవ్వితిమి గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కష్టమునకు వెఱచి పోవుచున్నారనవలదు. 1977 ఉప్పెన నెఱిగిన ఈ తీరమున బడిమేడ యనగా ప్రాణరక్ష. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటెను. అట్టి రాత్రులలో తాళపుచెవులతో వాకిట నిలుచుటకు ఏ ప్రధానోపాధ్యాయుడును విసుగుకొనడు. ఆ పని యెవరి కొఱకో వానికి తెలియును.

ఇక మన పాలు. కోపగింపకుడు. మనవాడు ప్రధానోపాధ్యాయుడైనాడని శాలువ కప్పుదుము. మఱునాడే ఫలానివారి కుమారునకు హాజరు సరిపెట్టుమనియు, ఫలానివారి మేనల్లుని బదిలీకి మాటసాయము చేయుమనియు కబురంపుదుము. కాదన్నచో, "మనవాడై యుండియు నింతపని చేయడాయె" నందుము. మెమోలకు జవాబులు వ్రాసితిమి. ఈ మాటకు మాత్రము మాకు జవాబు దొరకలేదు. రాజీనామాకు బోలిన ఆ కాగితమును మేము వ్రాసినది అట్టి మాట విన్న వారమునందే.

కావున మా విన్నపము. ఈ యేటి నిధిలో కొంత వేఱుచేసి, గుమాస్తా లేని బడులకు కంప్యూటరు తెలిసిన యువకులను నెలజీతముపై నీయుడు. ఆ బడిలో మన పిల్లలెందఱని లెక్కింపవలదు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల, రేపల్లెలు క్రొత్త జిల్లాలో చేరినవి. తెనాలి గుంటూరులోనే యున్నది. అందుచే అనుమతులు రెండు జిల్లాల విద్యాశాఖాధికారులయొద్ద వేఱువేఱుగ నడుగవలయును. తీర్మానపు ముసాయిదాను కార్యదర్శిగారి బల్లపై నుంచితిమి. భోజనముల గంటకు ముందే చర్చింపుడు. తరువాత సభలో నెవ్వరును మిగులరు.