మీరెవరి తాలూకు?

పెండ్లి పందిట్లో ప్రక్కన కూర్చున్న క్రొత్తవారిని మన వైపు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: “మీరెవరి తాలూకు?” ఊరి పేరు, ఇంటి పేరు, పెండ్లివారితో చుట్టరికము చెప్పుదుము. ఎదుటివారు ఒక క్షణము ఆలోచించి, “అయితే మనము మనము చుట్టాలమే” అందురు. ఆనాటి పరిచయము మరుసటి ఏడు ఒక సంబంధముగానో, ఒక సాయముగానో ఫలించును.

ఈ కాలపు వర్తకములో కొనువారిని, అమ్మువారిని ఒకచోట చేర్చు సమావేశములు జరుగుచున్నవి. అక్కడ అడుగు ప్రశ్నయు ఇదియే. అయితే అక్కడ చుట్టరికము సరకుతో చెప్పవలెను. కొల్లిపర పసుపు రైతును తలచుకొని ఈ సంగతి నేడు ముచ్చటింతుము.

తెనాలికి చేరువనున్న కొల్లిపర ప్రాంతములో పసుపు పాత పంట. వానకారు తొలిదినాలలో నాటిన దుంపను సంక్రాంతి దాటిన పిదప త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పెట్టి, కొమ్ములు, కాయలు వేరు చేసి, దుగ్గిరాల యార్డుకు చేర్చుదురు. విత్తనము, కౌలు, కూలి అన్నియు ముందే చేతినుండి పోవును. ఇన్ని నెలల కష్టమునకు ధర తేలునది మాత్రము ఒక్క పూటలో. తాత ఏ దుకాణములో దింపెనో మనుమడును అక్కడనే దింపును. ఆ దుకాణము చెడ్డదని మేమనుట లేదు. అవసరమునకు అప్పు పెట్టినది అదియే కావచ్చును. కాని ఇంటికి ఒకే వాకిలి ఉన్నచో, ఆ వాకిట నీరు నిలిచిననాడు బయటికి దారి ఉండదు. రెండవ వాకిలి కావలెను.

దారులు లేకపోలేదు. ప్రపంచపు పసుపులో నూటికి డెబ్బది పాళ్లకు పైగా మన దేశమే పండించుచున్నది. 2023–24లో 1.62 లక్షల టన్నుల పసుపు, పసుపు సరకులు విదేశములకు పోయినవి. 1987లో ఏర్పడిన స్పైసెస్ బోర్డు ఇట్టి సమావేశములను నడుపుచున్నది. 2025 జనవరిలో నిజామాబాదు కేంద్రముగా జాతీయ పసుపు బోర్డు ఆరంభమైనది. ఇక తలుపు తట్టుట ఎట్లో నేర్వవలెను.

మొదటి పని, మన సరకు మనకు తెలియుట. “మా పసుపు చాల మంచిదండీ” అన్న మాట అక్కడ చెల్లదు. కర్క్యుమిన్ ఎంత శాతము, తేమ ఎంత, పురుగుమందుల అవశేషములున్నవా, సీసము కలిసినదా, ఏ నెలలో ఎన్ని క్వింటాళ్లు ఇయ్యగలరు అని అడుగుదురు. రంగు కొరకు సీసపు రసాయనము పూయు దుర్మార్గము కొన్నిచోట్ల బయటపడినందున ఆ ప్రశ్న తప్పదు. గుంటూరులో స్పైసెస్ బోర్డు పరీక్షాశాల కలదు. పరీక్ష కాగితము సంచిలో పెట్టుకొని వెళ్లినవారికి సగము మాటలు కలిసివచ్చును.

రెండవది, వచ్చువారెవరో ముందు తెలిసికొనుట. పొడి కొట్టువారికి రంగు ముఖ్యము. కర్క్యుమిన్ తీయువారికి దాని శాతము ముఖ్యము. విదేశీ వర్తకునికి పరీక్షల ఫలితము ముఖ్యము. ముప్పదిమందికి నమస్కరించి వచ్చుటకంటె, మన సరకు కావలసిన ముగ్గురితో నిదానముగా మాట్లాడుట మేలు.

మూడవది, ఒంటరిగా పోకుండుట. పది బస్తాల రైతు కొరకు పెద్ద వర్తకుడు నిలువడు. రైతులే కలిసి కంపెనీగా ఏర్పడుటకు 2002లో చట్టము దారి చూపినది; 2020లో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పు కేంద్ర పథకము మొదలైనది. సంఘము పక్షాన ఇద్దరు వెళ్లవలెను: ఒకరు మాటకారి, ఒకరు లెక్క తెలిసినవారు. ఆ రెండవవారు ఇంటి ఇల్లాలైనచో మరింత మంచిది. ఏ ఏడు పంటకు ఎంత ఖర్చయినదో ఆమెకు తెలిసినట్లు మరొకరికి తెలియదు.

సభలో మాట క్లుప్తముగా ఉండవలెను. “మాది కొల్లిపర. నలుబది కుటుంబముల వారము. ఇంత సరకు ఫాల్గుణమునాటికి సిద్ధమగును” అని చెప్పి, ఊరి పేరు, ఫోను నంబరు వ్రాసిన చిన్న పొట్లములో నమూనా అందించవలెను. తరువాత వారేమి కోరుచున్నారో వినవలెను. పొరుగూరి పసుపును తక్కువ చేసి మాట్లాడరాదు. లేనిది ఉన్నదనరాదు. “అది మావద్ద లేదండీ” అన్న మాటకు కూడ పరపతి కలదు.

మనమును వారిని అడుగవలెను సుమా, “మీరెవరి తాలూకు?” అని. ఎక్కువ ధర చెప్పి, సరకు ముందు పంపుడు, సొమ్ము తరువాత అనువారు తగులుదురు. వారి జి.ఎస్.టి. నంబరు, ఇంతకుముందు ఎవరివద్ద కొన్నారో తెలిసికొని విచారింపవలెను. బయానా లేనిదే లారీ కదలరాదు. ఒక్క లోడు మునిగినచో రెండు పంటల అప్పు నెత్తిన పడును.

అసలు పని ఇంటికి వచ్చిన పిదప మొదలగును. ఆ రాత్రియే ఎవరు, ఏమి కోరినారు, మనమేమి మాట ఇచ్చితిమి అని పుస్తకములో వ్రాసికొనవలెను. మూడు దినములలోపల పలుకరింపవలెను. మొదటి కొనుగోలు రెండు బస్తాలే కావచ్చును, అసలే లేకపోవచ్చును. దిగులు పడరాదు. చుట్టరికము ఒక్క భోజనముతో కుదిరినదా?

కాని, నమూనాలో ఏరిన కొమ్ములు చూపి, బస్తాలో కాయలు కలిపినచో ఆ తలుపు మూసికొనును. ఆ రైతుకే కాదు, ఊరందరికిని. పొట్లము మీద వ్రాసినది ఊరి పేరు గదా! నమూనాలో చూపిన సరకే బస్తాలోను పోసిననాడు, “మీరెవరి తాలూకు?” అన్న ప్రశ్నకు “కొల్లిపర” అని ఒక్క మాట చెప్పిన చాలును. “తెలుసును, కూర్చోండి” అని ఎదుటివారే కుర్చీ చూపుదురు.