వెనుకనుండి తాకినప్పుడు తప్పెవ్వరిది?
(హోసూరున జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



ఈ దినము బడుల విషయముగాని భాష విషయముగాని నేను ఎత్తబోవుట లేదు. మన ఊరి ప్రక్కనుండి పోవు 44వ జాతీయ రహదారిని గూర్చి చెప్పదలచినాను. సరకునకు బెంగళూరు, పెండ్లిండ్లకు కుప్పము, కోర్టు పనులకు కృష్ణగిరి. ఎక్కడికి పోవలెనన్నను ఆ దారి ఎక్కక తప్పదు. ఆ దారిమీద మనవారికి జరుగు ప్రమాదములలో తరచుగా వినవచ్చునది ఒక్కటే తీరు. ముందు బండి ఆగినది, దానిని వెన్నంటి వచ్చుచున్న బండి ఆగలేక తాకినది. అటుపిమ్మట నష్టపరిహారము ఎవరికి, ఎట్లు వచ్చునన్నదే నేటి ప్రసంగము. నేను వకీలును గాను, వర్తకుడను. సభ్యుల కాగితములు పట్టుకొని వకీళ్ల యిండ్లకు తిరిగినందువలన తెలిసినంత మట్టుకే మనవి చేసెదను.

"వెనుకనుండి గ్రుద్దినవానిదే తప్పు" అని మనలో ఒక మాట పాతుకొనిపోయినది. ముందు బండివారు దానిని నమ్మి, ఎట్లును డబ్బు వచ్చునని సాక్ష్యము కూర్చుకొనక నిశ్చింతగా నుందురు. వెనుక బండివారు అదే మాటను నమ్మి దరఖాస్తు పెట్టుటయే మానుకొందురు. ఈ మాట సగమే నిజము.

1989 నాటి రోడ్డు నియమములలో రెండు ఒకదాని ప్రక్క నొకటి యుండెను. 23వది వెనుక వచ్చు డ్రైవరునకు చెప్పినది: ముందు బండి హఠాత్తుగా నెమ్మదించినను ఆగినను తగులకుండునంత దూరము విడువవలెను. 24వది ముందు పోవువానికి చెప్పినది: భద్రతకై అవసరమైననే తప్ప తటాలున బ్రేకు వేయరాదు. 2017లో క్రొత్త నియమములు వచ్చినను వెనుకవాని యీ బాధ్యత తొలగలేదు.

ఎంత దూరము విడువవలెను? నియమములో అడుగుల లెక్క లేదు. 2018 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీనికి జవాబు చెప్పినది. ఒక ట్రక్కు వెనుక 10, 15 అడుగుల దూరమున మారుతీ కారు పోవుచుండగా ట్రక్కు ఆగెను, కారు దానిని తాకెను. పరిస్థితులు అన్నియు బాగుగా నున్నప్పుడైనను కనీసము రెండు మూడు సెకండ్ల యెడము ఉండవలెననియు, 10, 15 అడుగులు చాలవనియు, తప్పు కారు నడిపినవానిదేననియు కోర్టు నిర్ణయించినది. లెక్క వేసి చూడుడు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బండి సెకండునకు 22 మీటర్లు పోవును. రెండు సెకండ్లనగా 44 మీటర్లు, సుమారు 145 అడుగులు. మనవారు లారీ వెనుక ఎంత విడుచుచున్నారో రేపు దారిమీద గమనించుడు. అంత జాగా విడిచినచో ఇంకొకడు మధ్య దూరునని మన యువకులు నాతో వాదింతురు. దూరనిండు! మరల కొంచెము వెనుకకు తగ్గినచో పోవునదేమున్నది?

అదే 2018లో, రెండు నెలల ముందు, అదే కోర్టు మరొక తీర్పు చెప్పియుండెను. రాత్రివేళ రోడ్డు మధ్య ఒక గ్యాసు ట్యాంకరు, వెనుక దీపములు గాని ఏ గుర్తు గాని లేకుండ, నిలిచియున్నది. ఒక కారు పోయి దానిని వెనుకనుండి కొట్టినది. తప్పు చెరి సగమని హైకోర్టు తగ్గించివేయగా, సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి కారువాని తప్పేమియు లేదన్నది. చూచితిరా? రెండును వెనుకనుండి తాకిన కార్లే. ఒకదానికి పూర్తి పరిహారము, ఒకదానికి తప్పు మోపుట.

మూడవది మన తమిళనాటిదే. 2017 జనవరిలో కోయంబత్తూరున ఇంజనీరింగు చదువుచున్న యొక యువకుడు మోటారు సైకిలుపై పోవుచుండగా ముందు కారు రహదారిమీద తటాలున ఆగినది. గర్భవతియైన భార్యకు వాంతి వచ్చినందున ఆపితినని ఆ కారు నడిపినవాడు చెప్పెను. యువకుడు కారును తాకి క్రింద పడెను, వెనుక వచ్చిన బస్సు అతనిమీదుగా పోయెను, ఎడమ కాలు తీసివేయవలసి వచ్చెను. 2025 జూలైలో సుప్రీంకోర్టు తప్పును ఇట్లు పంచినది: కారువానిది నూటికి 50, బస్సువానిది 30, యువకునిది 20. తగిన దూరము విడువలేదనియు, లైసెన్సు లేదనియు అతని పాలు అది. ఆ అయిదవ వంతు తగ్గించి, మిగిలిన సుమారు 91 లక్షల రూపాయలు ఇప్పించినది. వెనుకనుండి తాకినాము గదా, మనకేమి వచ్చునని ఆ కుటుంబము ఊరకున్నచో?

కావున ఎడమెంత, బ్రేకు ఎందుకు పడినది, వెనుక దీపములు వెలిగినవా అను మూడు సంగతులమీద వ్యవహారము నిలుచును. ఇవి మొదటి దినమే కాగితము మీదికి రావలెను. బండ్లు కదల్చుటకు ముందు నాలుగు ప్రక్కలనుండి ఫోటోలు తీయుడు. దారిలో క్యామెరాలున్న అంగళ్లు, పెట్రోలు బంకులు గుర్తించి, ఆ చిత్రములు చెరిగిపోకముందే పోలీసులకు చెప్పుడు. మన పెద్దలలో తెలుగు బడులలో చదివి, అరవము మాటలాడగలిగినను చదువలేనివారు అనేకులు. ఫిర్యాదు అరవములో వ్రాయబడును, వారు గౌరవముగా సంతకము పెట్టి వత్తురు. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును వ్రాసిన పిమ్మట చదివి వినిపించవలెననియు, నకలు ఉచితముగా ఈయవలెననియు చట్టమున్నది. 2024 జూలైనుండి అమలులో నున్న క్రొత్త శిక్షాస్మృతి విధాన చట్టములోను ఇది 173వ విభాగముగా నిలిచినది. వినిపించుమని అడుగుటలో అవమానమేమియు లేదు.

పరిహారపు దరఖాస్తు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలున వేయవలెను. ఇక్కడ సరిహద్దు వారమైన మనకు మేలైన సంగతి యొకటి కలదు. ప్రమాదము అత్తిబెలె దాటి కర్ణాటకలో జరిగినను, కుప్పము దారిలో ఆంధ్రములో జరిగినను, మనము కాపురముండు చోటనో వ్యాపారము చేయు చోటనో దరఖాస్తు వేయవచ్చును. బెంగళూరు కోర్టులకు తిరుగ నక్కరలేదు. గడువు మాత్రము ప్రమాదము జరిగిన దినమునుండి ఆరు నెలలు. 2022 ఏప్రిలునుండి ఈ గడువు మరల వచ్చినది. దీనిని ప్రశ్నించిన వ్యాజ్యములలో, ఆలస్యమైనదని దరఖాస్తులు కొట్టివేయవలదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతరముగా చెప్పినది. దానిని నమ్ముకొని జాగు చేయకుడు.

బండిలో కూర్చున్నవారి సంగతి వేరు. నడిపినవాని తప్పు వారికి అంటదు. ఇద్దరు డ్రైవర్లదియు తప్పైనచో, వారిలో ఎవరినుండియైనను పూర్తి మొత్తము కోరవచ్చునని 2015లో సుప్రీంకోర్టు చెప్పియున్నది. కాని మన కారుకు చౌకగా వచ్చునని థర్డు పార్టీ పాలసీ మాత్రమే తీసికొనియుంటిమా, మన కారులోని భార్యాబిడ్డలకు ఆ కంపెనీ బాధ్యత వహింపదు. ప్యాకేజీ పాలసీయైనచో వహించును. ఇంటికి పోయి ఈ రాత్రియే మీ పాలసీ తీసి చూడుడు. యజమానియే నడిపి, తప్పు తనదేయైనచో, అతనికి థర్డు పార్టీ పరిహారము రాదు. మరణమునకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద భీమా యొక్కటే దిక్కు.

వర్తకులకు మరి యొక మాట. గాయమునకో మరణమునకో పరిహారము ఆదాయమునుబట్టి లెక్కింపబడును. పన్ను కట్టునప్పుడు రెండు లక్షలని చూపి, ట్రిబ్యునలు ఎదుట పది లక్షలన్నచో ఎవరు వినెదరు? ఆ కష్టమును మన యిండ్లలోని విధవలు అనుభవించుట నేను చూచినాను.

చివరకు రోడ్డు ప్రక్క రాజీ. శూలగిరి దగ్గర మన సభ్యు నొకరి కారును లారీ వెనుకనుండి తాకినది. బంపరునకని ఎనిమిది వేలు పుచ్చుకొని, "ఇక ఏ హక్కును లేదు" అను కాగితముమీద వారు సంతకము చేసినారు. మెడ నొప్పి మరునాడు మొదలైనది. ఇట్టి దెబ్బలు ఒక దినము రెండు దినములు గడచిన తరువాతనే బయటపడుట కలదు. మూడు నెలలు అంగడి తెరువలేదు. ఆ కాగితమే అవతలివారి చేతి ఆయుధమైనది. అక్కడ వ్రాయవలసివచ్చినచో బండి మరమ్మతు మట్టుకే వ్రాయుడు, దేహమునకు తగిలిన దెబ్బల మాట అందులో చేర్చకుడు. అదే దినము వైద్యునికి చూపి చీటీ భద్రపరచుడు. భీమా కంపెనీకి వెంటనే తెలిపి, వారి సర్వేయరు చూచువరకు మరమ్మతు మొదలుపెట్టకుడు.

అరవ, కన్నడ కాగితములు చదివి తెలుగున చెప్పుటకు మన యువకులు నలుగురు ఒప్పుకొన్నారు. ప్రతి ఆదివారము ఉదయము పది గంటలనుండి పండ్రెండు వరకు సంఘ కార్యాలయమున నుందురు. ఫిర్యాదు నకలు, పాలసీ, ఆసుపత్రి చీటీలు వెంట తీసికొని రండు.