మార్లవాయికి వచ్చిన ఇద్దరు



ఊరికి సాయం చేస్తామని అప్పుడప్పుడు బయటివాళ్లు వస్తరు. జీపు దిగుతరు. నాలుగు మాటలు చెప్తరు. పొద్దు గూకక ముందే పోతరు. ఈ రోజు చెప్పుకునే భార్యాభర్తలు అట్ల కాదు. వాళ్లు ముందు ఊర్లో ఉన్నారు. నేర్చుకున్నారు. ఆ తర్వాతనే సాయం చేశారు.

ఆదిలాబాదు అడవుల్లో గోండులు ఎవుసం చేసుకుని బతికేవారు. జొన్న, పత్తి పండించేవారు. తాతల నాటి నుంచి దున్నిన భూమే. కాని చేతిలో కాగితం లేదు. అడవి సర్కారుది అన్నారు. హద్దులు పెట్టారు. చదువు వచ్చిన బయటివాళ్లు ఆ భూములకు తమ పేరున పట్టాలు రాయించుకున్నారు. కుమ్రం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసులు ఆయన్ని కాల్చి చంపారు.

మరుసటి ఏడు, 1941లో, హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఆదిలాబాదు గోండుల దగ్గరికి వచ్చారు. ఆయనది వియన్నా పట్నం. ఆమె ఇంగ్లండు ఆడబిడ్డ. ఆయన దగ్గర జర్మనీ పాసుపోర్టు ఉంది. అప్పుడు బ్రిటిష్ వారికీ జర్మనీకీ యుద్ధం. అందుకే ఆయన్ని హైదరాబాదు సంస్థానం దాటి పోవద్దన్నారు.

ఇద్దరూ మార్లవాయి ఊర్లో గుడిసెలో కాపురం పెట్టారు. ఆయన గోండీ భాష నేర్చుకున్నాడు. గోండుల ఎవుసం చూశాడు. పండుగలు చూశాడు. భూమి ఎట్ల పోయిందో అడిగి తెలుసుకున్నాడు. అంతా రాసి సర్కారుకు చెప్పాడు. బెట్టీ పక్కనే ఉండి ఆ పనిలో పాలు పంచుకుంది.

1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. పిల్లలకు గోండీ మాటలతోనే వాచకాలు రాయించారు. గోండు యువకులే పంతుళ్లయ్యారు. భూములకు పట్టాలు కూడా ఇచ్చారు. 1949 నాటికి జిల్లాలో లక్ష ఎకరాలకు పైగా భూమి గిరిజనుల పేరున ఎక్కింది.

కథ ఇక్కడితో అయిపోలేదు. ముప్పై ఏండ్ల తర్వాత హైమన్‌డార్ఫ్ మళ్లీ వచ్చి చూశాడు. చాలా భూములు మళ్లీ బయటివాళ్ల చేతికి పోయాయి. గిరిజన ప్రాంతాల భూమి గిరిజనేతరులకు పోరాదని 1970లో చట్టాన్ని గట్టి చేశారు. అయినా మోసం ఆగలేదు. ఆయనకు చాలా బాధ కలిగింది. ఈ సంగతి పుస్తకంలో రాశాడు.

1987లో బెట్టీ హైదరాబాదులో చనిపోయింది. ఆమెను మార్లవాయిలోనే పూడ్చారు. 1995లో లండన్‌లో ఆయన పోయాడు. తర్వాత ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఇప్పటికీ గోండులు ప్రతి ఏడూ జనవరిలో అక్కడ వాళ్లను తలుచుకుంటారు.

అక్కలారా! సాయం చేసేటోళ్లు వస్తరు, పోతరు. పట్టా ఇప్పించినా, దాన్ని కాపాడుకోవాల్సింది మనమే. మీకు ఇప్పుడు అక్షరాలు వచ్చాయి. ఈ రాత్రి ఇంట్లో పాసుపుస్తకం తీయండి. పేరు చదవండి. సర్వే నంబరు చదవండి. ఎన్ని ఎకరాలో చూడండి. చదవకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర పెట్టకండి. చదివి, అర్థమైతేనే సంతకం చేయండి.