మంచం పక్కన తుపాకి, ఇంట్లో పిల్లలు

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు పిల్లల చదువుల గురించో స్కాలర్‌షిప్పుల గురించో చెబుతాననుకుని ఉంటారు. ఈసారి వేరే మాట చెబుతానని కార్యదర్శిగారిని ముందే అడిగి ఒప్పించాను. ఈ హాల్లో ఉన్నవారిలో చాలామందికి కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారు. రెండేళ్ళకోసారి మీరు వెళ్ళి, ఐదారు నెలలుండి, మనవళ్ళను, మనవరాళ్ళను చూసుకుని వస్తారు. అక్కడ కొన్ని ఇళ్ళలో, మన వాళ్ళ ఇళ్ళలో కూడా, మంచం పక్కన ఒక వస్తువు ఉంటోంది. దాని గురించి మనం ఒకరితో ఒకరం మాట్లాడుకోం. ఆ వస్తువు పిస్టల్.

ఇక్కడ మనకి తుపాకి అంటే పోలీసు నడుముకు ఉండేదే. ఇంట్లో పెట్టుకోవాలంటే లైసెన్సు కావాలి, అది అంత తేలిగ్గా రాదు. అక్కడ అలా కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు చాలా రాష్ట్రాల్లో దుకాణానికి వెళ్ళి, ఫారం నింపి, తనిఖీ పూర్తయితే అదే రోజు కొనుక్కుని ఇంటికి రావచ్చు. నేనూ అలాగే కొన్నాను.

నేను టెక్సాస్‌లో చాలా ఏళ్ళు పెట్రోలు బంకు, దాని పక్కన చిన్న దుకాణం నడిపాను. ఒక రాత్రి ఇద్దరు వచ్చి, నా మొహానికి తుపాకి గురిపెట్టి గల్లాపెట్టె ఖాళీ చేసి పోయారు. ప్రాణం దక్కింది, అల్‌హమ్‌దులిల్లాహ్. కానీ ఆ తర్వాత నిద్ర పోయింది. గేటు చప్పుడైతే లేచి కూర్చునేవాణ్ణి. వారం తిరక్కుండా పిస్టల్ కొన్నాను. తూటాలు నింపి, మంచం పక్కన బల్లకున్న కింది సొరుగులో, పాత స్వెట్టరు కింద పెట్టాను. పిల్లలకి చెప్పలేదు. తెలియకపోతే ముట్టుకోరు కదా అనుకున్నాను.

ఆ వేసవిలో అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. ఒక మధ్యాహ్నం ఏసీ రిమోట్ కోసం మా గదిలో వెతుకుతోందట. ఆరేళ్ళ మా చిన్నవాడు వెళ్ళి, "దాదీ, రిమోట్ పై సొరుగులో ఉంది. కింది సొరుగు తియ్యకు, అక్కడ అబ్బా గన్ ఉంది" అన్నాడట. రాత్రి అన్నం తింటున్నప్పుడు అమ్మ ఈ మాట మామూలుగా చెప్పింది. "ఏం బేటా, నిజమేనా?" అని అడిగింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వాడికి ఎప్పుడు తెలిసింది? ఎన్నిసార్లు చూశాడు? ముట్టుకున్నాడా? అడిగితే నవ్వాడు తప్ప చెప్పలేదు. ఈ రోజు వరకు నాకు తెలియదు.

తర్వాత ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను. నాలాంటి తండ్రులు చాలామంది ఉన్నారని అర్థమైంది. 2006లో అలబామాలో చేసిన ఒక అధ్యయనంలో తల్లిదండ్రులను, పిల్లలను విడివిడిగా అడిగారు. మా పిల్లలకి తుపాకి ఎక్కడుందో తెలియదని చెప్పిన తల్లిదండ్రుల్లో 39 శాతం మంది పిల్లలు తమకు తెలుసన్నారు. మా పిల్లలు ఎప్పుడూ పట్టుకోలేదని చెప్పినవారిలో 22 శాతం మంది పిల్లలు పట్టుకున్నామన్నారు.

మా పిల్లలకి ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాం, వాళ్ళు ముట్టుకోరు అనేవారు ఇంకొందరు. 2001లో అట్లాంటాలో డాక్టర్లు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ మగపిల్లలను ఇద్దరు ముగ్గురు చొప్పున ఒక గదిలో ఉంచి, అద్దం వెనక నుంచి గమనించారు. సొరుగుల్లో నీళ్ళ తుపాకులు, వాటితోపాటు తూటాలు లేని ఒక అసలు పిస్టల్ పెట్టారు. మొత్తం 64 మందిలో 48 మంది పిస్టల్‌ను కనుక్కున్నారు. 30 మంది చేత్తో పట్టుకున్నారు. 16 మంది ట్రిగ్గరు నొక్కారు. ఇలా పట్టుకున్న, నొక్కిన పిల్లల్లో 90 శాతానికి పైగా అంతకుముందు ఎవరో ఒకరి దగ్గర తుపాకి జాగ్రత్తలు విన్నవాళ్ళే. చూసినవారిలో సుమారు సగం మందికి అది అసలుదో బొమ్మో తేల్చుకోవడమే రాలేదు.

చిన్నపిల్లల వేళ్ళకు అంత బలం ఉండదనుకోకండి. ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో నూటికి తొంభై మంది రెండు వేళ్ళతో నాలుగున్నర కిలోల బరువుకు సరిపడా ట్రిగ్గరు లాగగలరని 1995లోనే కొలిచి చెప్పారు. మూడు నాలుగేళ్ళ పిల్లల్లో కూడా నాలుగో వంతు మంది లాగగలిగారు. చాలా పిస్టళ్ళకు అంత బలం కూడా అక్కర్లేదు.

అమెరికాలో 2020 నుంచి పిల్లలు, కౌమారంలో ఉన్నవారి మరణాలకు మొదటి కారణం తుపాకి. రోడ్డు ప్రమాదాలు దాని తర్వాతే. సుమారు 46 లక్షల మంది పిల్లలు తూటాలు నింపి, తాళం వెయ్యని తుపాకి ఉన్న ఇళ్ళలో ఉంటున్నారని 2021 నాటి సర్వే లెక్క. ఆ లెక్కలోకి వచ్చే ఇల్లే ఒకప్పుడు మాది.

పెద్దలారా, నాకు అర్థమైంది ఇంతే. దాచడం వేరు, తాళం వెయ్యడం వేరు. స్వెట్టరు కింద, బీరువా పైన, పరుపు కింద పెట్టడాన్ని మనం దాచడం అంటాం. పండక్కి కొన్న మిఠాయి ఎక్కడ దాచినా పిల్లలు కనిపెడతారని మనకి తెలుసు. పిస్టల్‌ దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతి మరిచిపోతాం.

బాణాలు పట్టుకుని మసీదులోకో బజారులోకో వచ్చేవాడు వాటి మొనలు చేత్తో పట్టుకుని నడవాలని, ఎవరికీ గాయం కాకూడదని ప్రవక్త (స) చెప్పిన సంగతి మీ అందరికీ తెలుసు. ఆయుధం ఎవరిదో దాని మొన బాధ్యత కూడా వాడిదే. పక్కవాళ్ళు చూసుకుని నడవాలని అక్కడ చెప్పలేదు. పిల్లవాడు జాగ్రత్తగా ఉండాలని మనం అనడం కూడా అలాంటిదే.

మరి ఏం చెయ్యాలి? పిల్లలున్న ఇంట్లో తుపాకి లేకపోవడమే అన్నిటికంటే క్షేమమని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. ఉండక తప్పదంటే తూటాలు తీసేసి, తాళంలో పెట్టి, తూటాలను వేరే చోట ఇంకో తాళంలో ఉంచమంటుంది. 2005లో వచ్చిన పెద్ద అధ్యయనంలో కూడా ఈ జాగ్రత్తల్లో ప్రతి ఒక్కటీ పిల్లల ప్రాణాలకు ముప్పు తగ్గడంతో ముడిపడి ఉందని తేలింది.

"రాత్రి దొంగ వస్తే తాళాలు వెతుక్కుంటూ కూర్చోవాలా?" అని మీ అబ్బాయి అడుగుతాడు. నేనూ అదే అడిగాను. దానికి జవాబుగా మంచం పక్కన పెట్టుకునే చిన్న ఉక్కు పెట్టెలు ఉన్నాయి. పైన నాలుగైదు మీటలుంటాయి. మన వరుసలో నొక్కితే కొన్ని సెకన్లలో తెరుచుకుంటాయి. నా పెట్టెకి నూట ముప్పై డాలర్లయింది. పిస్టల్ ఖరీదులో నాలుగో వంతు కూడా కాదు. పిల్లలు ఇంట్లో లేనప్పుడు, పెట్టె ఖాళీగా ఉంచి, దీపం ఆర్పి ఇరవైసార్లు తెరిచి చూసుకున్నాను. తర్వాత చీకట్లో నా వేళ్ళే దారి వెతుక్కున్నాయి.

కొన్ని సంగతులు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. పెట్టెను మంచానికో బల్లకో బోల్టులతో బిగించాలి, లేకపోతే దొంగ పెట్టెతో సహా పట్టుకుపోతాడు. తెరిచే నెంబరు పిల్లల పుట్టినరోజు కాకూడదు, ఫోను నెంబరూ కాకూడదు. దాంతోపాటు వచ్చే అదనపు తాళంచెవిని గోడమీద మేకుకి తగిలించకూడదు. బ్యాటరీతో పనిచేసేదైతే ఏటా ఒక తేదీ పెట్టుకుని మార్చాలి.

వేలిముద్ర పెట్టెలు కొనేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2023 అక్టోబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ అలాంటి పెట్టెలు దాదాపు 61 వేలు వెనక్కి పిలిపించింది. వేలిముద్ర సరిగా నమోదు కాకపోతే ఎవరి వేలు పెట్టినా అవి తెరుచుకుంటున్నాయి. అలాంటి పెట్టెలోంచి తీసిన తుపాకి వల్ల పన్నెండేళ్ళ పిల్లవాడు చనిపోయాడని కోర్టులో దావా కూడా పడింది. కాబట్టి పెట్టె ఖాళీగా ఉండగానే ఇంట్లో అందరి వేళ్ళూ పెట్టించి పరీక్షించండి.

ఇంకొక పొరపాటు చాలామంది చేస్తారు. పిస్టల్‌లోంచి మేగజైను తీసేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటారు. గొట్టం వెనక చాంబరులో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. మేగజైను తీశాక పైభాగం వెనక్కి లాగి, కంటితో చూసి, వేలితో తడిమి అప్పుడు ఖాళీ అనుకోవాలి.

పెట్టె కొన్నాక నేను ఒక నియమం పెట్టుకున్నాను. నా పిస్టల్‌కి రెండే చోట్లు. ఒకటి నా ఒళ్ళు, రెండోది పెట్టె. స్నానానికి వెళ్తూ బల్లమీద పెట్టడం, కారు సీటు కింద వదలడం, చుట్టం వచ్చాడని ఫ్రిజ్ పైన పెట్టడం ఏవీ లేవు.

డబ్బు లేదనే సాకు కూడా లేదు. లైసెన్సున్న డీలరు పిస్టల్ అమ్మితే దానితోపాటు తాళమో భద్రపరిచే పరికరమో ఇవ్వాలని అక్కడ 2005 నుంచి చట్టం ఉంది. చాలా ఊళ్ళలో పోలీసు స్టేషన్‌లో అడిగితే కేబుల్ తాళం ఉచితంగా ఇస్తారు. మంచం పక్కన పెట్టెకి అది సాటి రాదు గాని సొరుగు కంటే నయం. టెక్సాస్‌లో తూటాలు నింపిన తుపాకి నిర్లక్ష్యం వల్ల పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి అందితే అది నేరం. 2021లో మిషిగన్‌లో ఒక కుర్రవాడు తండ్రి కొన్న పిస్టల్‌తో బడిలో నలుగురిని చంపాడు. 2024లో ఆ తల్లికీ తండ్రికీ పదేళ్ళకు తక్కువ కాకుండా, పదిహేనేళ్ళ వరకు జైలు పడింది.

ఇప్పుడు చెప్పేది చెప్పడం నాకు కష్టం. మా పెద్దవాడికి పదిహేనేళ్ళు వచ్చేసరికి మాటలు తగ్గిపోయాయి. మార్కులు పడిపోయాయి, తలుపేసుకుని గదిలోనే ఉండేవాడు. వయసు అలాంటిదని మేం సర్దుకున్నాం. బడిలో కౌన్సెలర్ పిలిచి నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఇంట్లో తుపాకి ఉందా?" అని. ఉంది, పెట్టెలో ఉందన్నాను. "కొన్నాళ్ళు అది ఇంటి బయట ఉంచగలరా?" అంది. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన చాలామందికి వచ్చి పోతుంది, కానీ చేతిలో తుపాకి ఉంటే పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి రెండో అవకాశం ఉండదని వివరించింది. నాకు కాళ్ళు వణికాయి. అదే సాయంత్రం తెలిసిన తుపాకి దుకాణంలో రశీదు తీసుకుని అప్పగించాను. కొన్ని దుకాణాలు, కొన్నిచోట్ల పోలీసులు అలా తాత్కాలికంగా ఉంచుకుంటారు. అక్కడ ఇలాంటి బాధలో ఉన్నవారు ఏ వేళనైనా 988కి ఫోన్ చెయ్యవచ్చు, ఇది మీ పిల్లలకి చెప్పండి.

పెద్దవాడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు, బాగున్నాడు. ఈ మాటలు మీతో చెప్పమని వాడే అన్నాడు. పిస్టల్ మళ్ళీ మా ఇంటికి రాలేదు. ఆ దుకాణానికే అమ్మేశాను.

చివరిగా, వెళ్ళబోయే నానా నానీలకు, దాదా దాదీలకు రెండు మాటలు. విజిటర్ వీసా మీద వెళ్ళేవారు తుపాకి గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నిషేధం. హెచ్-1బి, విద్యార్థి వీసాల వారికీ అంతే, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. కాబట్టి గది సర్దుతుంటే కనబడినా చేత్తో ఎత్తి పక్కన పెట్టకండి. పిల్లలను బయటికి పంపి, తలుపేసి, అబ్బాయిని పిలవండి.

రెండోది, అడగండి. మనం అడగం. కొడుకు ఏమనుకుంటాడో, కోడలు ఏమనుకుంటుందో అని ఊరుకుంటాం. మనవడు స్నేహితుడి ఇంటికి ఆడుకోవడానికి వెళ్తుంటే వాడికి వేరుశనగ పడదని చెబుతాం, కుక్క ఉందా అని అడుగుతాం. అదే నోటితో "మీ ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళంలో ఉందా?" అని అడిగించండి. ముందు మీ అబ్బాయినే అడగండి. ఆవకాయ జాడీ, పిల్లల బట్టలు సూట్‌కేసులో సర్దుకుంటారు కదా, ఈ ప్రశ్న కూడా వెంట తీసుకెళ్ళండి.

మా అమ్మ ఆ రోజు అన్నం దగ్గర మామూలుగా అడిగింది. ఆమె అడగకపోతే నేను ఈ రోజు ఇక్కడ నిలబడి ఏం మాట్లాడేవాడినో నాకు తెలియదు. ఆమె ఇప్పుడు లేదు. ఆమె కోసం దువా చెయ్యండి.