వంటకం పుట్టిన చోట ఎవరున్నారు?

(హైదరాబాద్ పాతబస్తీలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచంలోని సంప్రదాయ వంటకాలు ఎక్కడెక్కడ పుట్టాయో చెప్పమని నన్ను పిలిచారు. కూలిరేట్లూ, తలాక్ కేసులూ, రేషన్ కార్డులూ మాట్లాడుకునే ఈ గదిలో వంటల ముచ్చటేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ ఒక వస్తువు పుట్టుక ఎవరి పేరున రాస్తే దాని మీద వచ్చే డబ్బూ, గౌరవమూ వాళ్ళకే పోతాయి. భూమి విషయంలో ఇది మనకు అనుభవమే. పట్టా ఎవరి పేరనుంటే పొలం వాళ్ళది. నాట్లు వేసిన చేతులు ఏ కాగితం మీదా కనబడవు. ఇప్పుడు వంటకాలకు కూడా పట్టాలు వచ్చాయి. అందుకే ఈ విషయం మన విషయమే అంటున్నాను.

మనకు దగ్గరున్న దానితోనే మొదలుపెడతాను. రంజాన్ వస్తే ఈ వీధుల్లో ఇటుకలూ మట్టీ పెట్టి హలీం బట్టీలు కడతారు. హలీం అంటే హైదరాబాద్ అన్నంతగా పేరు పడింది. అయితే హలీం తల్లి పేరు హరీస్. అరబ్బీలో ఆ మాటకు మూలం దంచడం, నలగ్గొట్టడం. 10వ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన వంటల పుస్తకంలో దీన్ని వండే పద్ధతి ఉంది. గోధుమలు, మాంసం, నీళ్ళు, గంటల తరబడి సన్నని మంట, తర్వాత భుజాలు పడిపోయేలా దంచడం. అంతే. అదే వంటకం ఆర్మేనియాలో ఉంది. కాశ్మీర్‌లో చలికాలం పొద్దున్నే తినే హరిసా అదే. టర్కీలో పెళ్ళిళ్ళకూ పండగలకూ వండే కెష్కెక్ కూడా దాదాపు అదే. కెష్కెక్‌ను 2011లో యునెస్కో తన వారసత్వ జాబితాలోకి తీసుకున్నప్పుడు, ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి పెద్ద కాగుల్లో వండుతారని స్పష్టంగా రాశారు. ఆ ఒక్క ముక్క నాకు నచ్చింది. ఆఖరికి 2023లో హరీస్‌ను కూడా యు.ఎ.ఇ., ఒమన్, సౌదీ అరేబియాల పేరున అదే జాబితాలో చేర్చారు.

మన దగ్గరికి ఇది ఎలా వచ్చింది? యెమన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాం సైన్యంలోకి అరబ్బు సిపాయిలు వచ్చారు. వాళ్ళుండే బ్యారక్సే జనం నోట్లో బార్కస్ అయింది. బార్కస్‌లో చావుష్‌ల హోటళ్ళలో పొద్దున్నే హరీస్ దొరుకుతుంది, ఉప్పుదీ ఉంటుంది, తీపిదీ ఉంటుంది. ఊళ్ళోకి వచ్చేసరికి దాంట్లో మసాలా, నెయ్యి, వేయించిన ఉల్లిగడ్డ పడ్డాయి, హలీం అయింది. హోటల్లో అమ్మడం 1956లో మదీనా హోటల్‌తో మొదలైందని నగరంలో చెప్పుకుంటారు. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు, అంటే జి.ఐ., వచ్చింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి మాంసాహార వంటకం అదే. దరఖాస్తు పెట్టుకున్నది హలీం తయారీదారుల సంఘం. 10 పాళ్ళు మాంసానికి 4 పాళ్ళు గోధుమ ఉండాలి, రాగి పాత్రలో కట్టెల మంట మీద 12 గంటలు ఉడకాలి అని లెక్కలు రాసుకున్నారు. మంచిదే. కల్తీకి అది అడ్డు.

ఈ కథలో ఎవరెవరున్నారో చూడండి. నవాబులు, సిపాయిలు, హోటల్ యజమానులు. బట్టీ దగ్గర చెమటలు కారుస్తూ దంచే కూలీల పేర్లు కూడా లేవు. వాళ్ళు మగవాళ్ళే, అయినా లేవు. కాబట్టి దీన్ని ఆడామగా తగువుగా మాత్రమే నేను చూడటం లేదు. కానీ ఒకటి ఆలోచించండి. ఆ అరబ్బు సిపాయిల్లో చాలామంది ఇక్కడి ఆడవాళ్ళనే పెళ్ళి చేసుకున్నారు. హద్రమౌత్ వంట దక్కనీ పొయ్యి ఎక్కింది ఏ ఇళ్ళల్లో? దాంట్లో మొదట మసాలా వేసిన చెయ్యి ఎవరిదై ఉంటుంది? నవాబు చెయ్యి అనుకోవడం నా వల్ల కాదు.

ఇప్పుడు మిర్చీ కా సాలన్ సంగతి. బిర్యానీ పక్కన చిన్న గిన్నెలో పడి ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ఆ గిన్నెలో ప్రపంచపటం కనబడుతుంది. మిరప మెక్సికో వైపు పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల మీద మన తీరానికి వచ్చింది. హైదరాబాద్ కట్టింది 1591లో. అంటే ఈ నగరమూ, మన మిరపకాయా ఇంచుమించు ఒక ఈడువి. పల్లీలు దక్షిణ అమెరికావి. చింత ఆఫ్రికా చెట్టు. అయితే అది ఎంత పాతకాలంలో వచ్చి మనదైపోయిందంటే, అరబ్బులు చింతపండును 'తమర్ హింద్', హిందుస్థాన్ ఖర్జూరం, అన్నారు. నువ్వులు మనవే. వీటన్నిటినీ వేయించి, నూరి, పులుపు విరగకుండా, కారం మండకుండా ఒక గిన్నెలో కుదిర్చిన తెలివి ఉందే, దానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుంది! ఎన్నిసార్లు చెడిపోయి, తిట్లు తిని, మళ్ళీ నూరి ఉంటారు!

పాతబస్తీ తిండిని 'బయటివాళ్ళ తిండి' అనేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళతో గొడవ పడక్కర్లేదు. మీ ఇంట్లో పులిహోరలో మిరపకాయ వేస్తారా అని అడిగితే చాలు. తెలంగాణ పల్లెల్లో ఏ దావత్ అయినా బగారా అన్నం ఉండాల్సిందే. బగార్ అంటే తాలింపు. ఆ మాట ఉర్దూ. అన్నం మనది, తాలింపు మనది, వండే వదిన మనిషి, తినే బావ మనిషి. అది ఏ మతం వంట? దాల్చాలో సొరకాయ వేసిన రోజున ఎవరూ ఎవరినీ మతం అడగలేదు.

రాతలోకి ఎక్కిన వంటకు పేరెలా పడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మాళ్వాలోని మాండూ సుల్తాను గియాసుద్దీన్ కోసం 1500 ప్రాంతంలో 'నియ్‌మత్‌నామా' అనే వంటల పుస్తకం తయారైంది. ఇప్పుడది లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాని బొమ్మల్లో పొయ్యి దగ్గర ఉన్నది, గిన్నెలు కలుపుతున్నది, వడ్డిస్తున్నది ఎక్కువగా ఆడవాళ్ళే. సుల్తాను మీసాలతో మధ్యలో కూచుని ఉంటాడు. పుస్తకం ఆయనది. బొమ్మలో ఉన్నంత మాత్రాన పేరు ఉన్నట్టు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మన హైదరాబాద్ వంటను ఆడవాళ్ళు తమ పేర్లతో పుస్తకాల్లో పెట్టడం మనకాలంలో జరిగింది. 1998లో ప్రతిభా కరణ్, 1999లో బిల్కీస్ లతీఫ్ రాసిన ఇంగ్లీషు పుస్తకాలు బాగా చదివారు. చదువూ, అవకాశమూ ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు వారు. వారి మేలు వారిదే. తలాబ్‌కట్ట గల్లీల్లో వండేవాళ్ళ వరకు ఆ కలం ఇంకా రాలేదు.

తలాబ్‌కట్టలో ఒక ఖాలా ఉంది. డెబ్బై దాటింది. ఆమె ఇంట్లో ఇద్దరు కోడళ్ళూ ఒక మనవరాలూ రోజంతా వెల్లుల్లి వలుస్తారు. మధ్యవర్తి బస్తా దించి పోతాడు, సాయంత్రం తూకం వేసి పట్టుకుపోతాడు. వేళ్ళ చివర్లు మండి, రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా చెంచా వెతుక్కుంటారు. రంజాన్‌కు ముందు సేమ్యా పని. పెళ్ళిళ్ళప్పుడు పరదా వెనక జనానా వంటశాలలో మసాలాలు నూరడం. ఏ మసాలా ఏ వంటకు ఎంత వేయించాలో వాసనతో చెబుతుంది ఖాలా. నేను నోటుబుక్కు తీసి రాసుకోబోతే నవ్వింది. "హమారా నామ్ కౌన్ లిఖ్తా బేటీ?" అంది. మా పేరు ఎవరు రాస్తారమ్మా అని. ఆ తర్వాత గంటసేపు చెప్పింది.

2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార రంగంలో సృజనాత్మక నగరంగా ప్రకటించింది. సంతోషమే. ఆ సృజన ఎవరిదంటే ఈ ఇంట్లోది కూడానని నా వాదన.

ఇక చట్టం. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దీని 11వ సెక్షన్ ప్రకారం ఉత్పత్తిదారుల ప్రయోజనాల కోసం పనిచేసే ఏ సంఘమైనా, సంస్థ అయినా దరఖాస్తు పెట్టవచ్చు. హోటలే పెట్టాలని ఎక్కడా లేదు. ఎవరైనా కొత్తగా దరఖాస్తు పెడితే దాన్ని ప్రకటిస్తారు. ప్రకటించిన మూడు నెలల్లో అభ్యంతరం చెప్పే హక్కు 14వ సెక్షన్‌లో ఉంది. ముఖ్యమైనది 17వ సెక్షన్. ఒకసారి నమోదైన గుర్తింపు కింద, ఆ వస్తువును తయారుచేసేవాళ్ళు తమ పేరు 'అధీకృత వినియోగదారు'గా రాయించుకోవచ్చు. సంఘం పేరు వేరు, మనిషి పేరు వేరు. మనవాళ్ళు ఆగిపోతున్నది ఈ రెండో మెట్టు దగ్గర. నమోదు కాలం పదేళ్ళు, తర్వాత పొడిగించుకోవాలి. కార్యాలయం చెన్నైలో ఉంది. అంత దూరం పోవడం ఎవరివల్ల అవుతుందో ఎవరివల్ల కాదో మనకు తెలుసు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఈ గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద, సెగ మొహానికి కొడుతుండగా, గుడ్డతో పిండి పూసి రేకు తీసేది అక్కడి ఆడవాళ్ళే. గుర్తింపు వచ్చాక రేకు తీసే మనిషి కూలి పెరిగిందా, పెట్టె మీద ధర మాత్రమే పెరిగిందా? కోనసీమలో పనిచేసే మన మిత్రులు ఇది కనుక్కుని చెప్పాలి. ఏ గుర్తింపునైనా నేను కొలిచేది ఈ కొలబద్దతోనే.

ఇంకో దారి కూడా ఉంది. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు వత్తారు. అదే లిజ్జత్. అప్పడం వాళ్ళు కనిపెట్టలేదు. పని చేసే ప్రతి మనిషీ యజమానే అన్న ఏర్పాటు చేసుకున్నారు. పుట్టుక గురించి వాదించకుండానే అమ్మకాన్ని చేతిలోకి తీసుకున్నారు.

ఇంటి దగ్గర చేసే పనిని పనిగా లెక్కించాలని 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. 2008లో వచ్చిన అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టంలో 'ఇంటి ఆధారిత కార్మికులు' అన్న నిర్వచనం ఉండేది, 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నిర్వచనం ఉంది. నిర్వచనం ఉంది కాబట్టి అడగడానికి ఆధారం ఉంది. కానీ వెల్లుల్లి వలిచే ఖాలా కోడలిని అడిగితే "నేను పని చెయ్యను, ఇంట్లోనే ఉంటాను" అంటుంది. సర్వేకు వచ్చినవాళ్ళూ అదే రాసుకుపోతారు.

అందుకని ఈ మూడు నెలలకు ఒక పని పెట్టుకుందాం. బస్తీకి ఒక నోటుబుక్కు. ఏ వంటకం, ఏ మసాలా, ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఆమె ఎవరి దగ్గర నేర్చుకున్నది. రోజుకు ఎన్ని గంటలు, సరుకు ఎవరు తెస్తారు, ఎంత ఇస్తారు. కొలతలు మాత్రం వాళ్ళు ఒప్పుకుంటేనే రాయాలి. అది వాళ్ళ బతుకుతెరువు, మనం అచ్చువేసి పంచడానికి కాదు. పేరు రాసిన చోట వాళ్ళ సంతకమో, వేలిముద్రో తీసుకోవాలి. ఉర్దూలో రాసేవాళ్ళు కావాలి. ఈ గదిలో నలుగురున్నారు, దయచేసి టీ తాగేటప్పుడు నా దగ్గరికి రండి. తలాబ్‌కట్ట నేను తీసుకుంటాను. బార్కస్ ఎవరు తీసుకుంటారు?