బయానా ఇచ్చే ముందు కాగితం చూద్దాం



మన కోహెడ పక్క నుంచే ఔటర్ రింగ్ రోడ్డు పోయింది. పండ్ల మార్కెట్ వస్తదన్న మాటతో జాగల ధరలు పెరిగినయి. బ్రోచర్లు పట్టుకొని ఇంటికొచ్చేటోళ్లూ పెరిగిన్రు. మా సంఘంలో ఒక అక్క బ్యాంకు లింకేజీ లోను తెచ్చి, నోటరీ కాగితం మీద ప్లాటుకు కట్టింది. తర్వాత చూస్తే అది అసైన్డు భూమి. పైసలు వాపస్ రాలే, లోను వాయిదా ఆగలే. అందుకే మేం ఈ మాటలు చెప్తున్నం.

అసైన్డు భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో ముందు చూడాలి. ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లతో కలిపి చదివించాలి. పంచాయతీ లేఅవుట్ అంటే నమ్మకుండా హెచ్‌ఎండీఏ అనుమతి నంబరు అడగాలి.

500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా ‘ప్రీ లాంచ్’ పేరుతో అమ్మరాదు. రెరా చట్టం ప్రకారం, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం మించి బయానా తీసుకోరాదు. నోటరీ కాగితంతో ప్లాటు మన సొంతం కాదు.

జాగ మీదికి మనమే పోవాలి. హద్దురాళ్లు, బాట చూడాలి. వానాకాలం చెరువు నీళ్లు ఎందాక వస్తయో ఊరి పెద్దమనుషులను అడగాలి.

సంఘం లోనుతో ప్లాటు కొనొద్దు. వాయిదా నెలనెలా కట్టాలి, ప్లాటు నెలకు రూపాయి కూడా ఇయ్యదు. పొదుపు పైసలతో కొనేవాళ్లు బయానా ఇయ్యకముందే జిరాక్సులు మీటింగుకు తేవాలి. అందరం కూసొని చూద్దాం.